గోడమీది పట్టు

కాగితము మిక్కిలి తేలికైన వస్తువు. మనము నిత్యము వాడు ఏ4 కాగితము ఐదు గ్రాముల బరువు తూగును; అంతే. కిటికీలోనుండి వచ్చు చిరుగాలికి అది గది దాటిపోగలదు. కాని అట్టి కాగితము పోయినచో కలుగు నష్టము గ్రాములతో తూచదగినది కాదు. చల్లపల్లి ప్రాంతమున ఒక రైతు ఇంటిని తలచుకొనుడు. నీటితీరువ చెల్లించిన రసీదు, అప్పు తీర్చినట్లు సహకార సంఘమువారిచ్చిన చీటి, ముసలితల్లికి వైద్యుడు వ్రాసియిచ్చిన మందుల జాబితా, పదవతరగతి చదువు పిల్లవాని పరీక్షకు హాలుటిక్కెట్టు, ఇవియన్నియు ఆ ఇంట ఒకే వారములో కావలసివచ్చును. వానిలో ఒకటి దూలము సందున, ఒకటి పంచాంగము పుటల నడుమ, మరియొకటి దేవుని పటము వెనుక దాగియుండును. పరీక్షకు బయలుదేరు ఉదయమున ఇల్లంతయు తలక్రిందులు చేసి వెదకుట ఎట్టి బాధయో అనుభవించినవారికే తెలియును.

కావలసిన కాగితము కంటికెదురుగా గోడమీద ఉండవలెను. దానికి చిల్లు పడరాదు. తుప్పుమరక అంటరాదు. ఒక్కచేతితో పెట్టుటకును, ఒక్కచేతితో తీయుటకును వీలుకావలెను. ఇట్టి పట్టును మనము స్వయముగా ఎట్లు రూపొందింపవచ్చునో ఈ పాఠమున విచారింతము. ముందుగా, ఇదే పనికి మనవారును ఇతరులును ఏమేమి చేసిరో చూడవలెను. ఒక వస్తువును క్రొత్తగా కల్పింపబూనువాడు పాతవాని గుణదోషములను తెలిసికొనకున్నచో, ఇతరులు పడిన గుంటలోనే తానును పడును.

కాగితము వాడుకలోనికి రాకముందు మన పెద్దలు తాటాకులపై గంటముతో వ్రాసిరి. కృష్ణాతీరమున తాళ్లకు కొదువ లేదు. గ్రామకరణము లెక్కలు వ్రాసిన ఆకుల కట్టకు కవిలె యని పేరు. తాటాకు సన్నము, పొడవు, నునుపు. పేర్చినచో ఒకదానిమీదనుండి ఒకటి జారిపోవును. కావున ఆకులకు చిల్లు పొడిచి, త్రాడు దూర్చి, పైని క్రింద చెక్కపలకలు పెట్టి బిగించి కట్టెడివారు. ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. చిల్లు ఏ చోట పడునో లేఖకుడు ముందుగనే యెఱిగి, దాని చుట్టును కొంతమేర వ్రాయక విడిచెడివాడు. పాత తాళపత్రములను చూచినచో, అక్షరముల వరుసల నడుమ చిన్న కిటికీవలె ఆ ఖాళీ స్థలము కానవచ్చును. పట్టు సాధనమును, పట్టబడు వస్తువును వేఱు వేఱుగా గాక కలిపి ఆలోచించిన తెలివి అది. నేడు మనము కాగితముపై ఎడమప్రక్క అంచు విడుచుట గూడ అట్టిదే.

కాగితమును పోస్టుకార్డును వచ్చిన పిదప ఈ జాగ్రత్త సడలినది. మన యిండ్లలో ఉత్తరముల తీగ వెలసినది. దానిని మీ తాతగారి యింట మీరు చూచియుండవచ్చును. మూరెడు ఇనుపతీగకు క్రింద చెక్కబిళ్ళయో రేకుబిళ్ళయో బిగింపబడియుండును. తీగ పైకొన మొనదేలి కొక్కెమువలె వంగియుండును. వచ్చిన ఉత్తరమునెల్ల ఆ మొనకు గ్రుచ్చి, తీగను గోడమేకునకు తగిలించెడివారు. చవకయైనది, చెడనిది, చీమలకును ఎలుకలకును అంత సులభముగా చిక్కనిది. ఏండ్ల తరబడి ఒక కుటుంబమున జరిగిన పెండ్లిండ్లు, పురుళ్లు, మరణములు, పంటల ధరలు అన్నియు ఆ ఒక్క తీగకు వ్రేలాడుచుండెడివి.

దాని దోషములు రెండు. గ్రుచ్చువాడు అక్షరములను చూచి గ్రుచ్చడు. తీగ తిన్నగా మాట నడుమనుండియే పోవును. రసీదుమీద అంకె నడుమ చిల్లుపడినచో అది మూడో ఎనిమిదో తేల్చుట కష్టము. సర్వే నంబరు విషయమున ఆ ఒక్క అంకెయే గట్టు తగవునకు కారణము కాగలదు. రెండవది, తీగపై మొదట గ్రుచ్చినది అన్నిటికంటె క్రింద ఉండును. దానిని తీయవలెనన్నచో పైనున్న వానినెల్ల ఊడదీసి, మరల వరుస తప్పకుండ గ్రుచ్చవలెను. ఆ ఓపిక ఎందరికుండును? పైన ఉన్నదానిని చించి లాగినవారే ఎక్కువ.

ఇక గుండుసూదులును మేకులును. బందరునుండి అవనిగడ్డకు పోవు బాటలో నున్న చల్లపల్లికి సముద్రము దూరము కాదు. చుట్టును కాలువలు, నీరు నిండిన వరిపొలములు. అచ్చటి గాలిలో తేమయు, దానితో కొంత ఉప్పును ఉండుట సహజము. అట్టి గాలికి ఇనుము త్వరగా త్రుప్పుపట్టును. వానకాలము గడుచునప్పటికి సూదిచుట్టును కాగితముపై ఎఱ్ఱని వలయ మేర్పడును. మరక మాత్రమే కాదు. త్రుప్పు సోకినచోట కాగితము బలహీనమై, ముట్టుకొన్నంతనే పొడియై రాలును. ఈ ప్రాంతమునకు తగిన సాధనము ఇనుము లేనిదిగా ఉండవలెనని దీనివలన తేలుచున్నది.

ఒక మాట ఇచ్చటనే చెప్పవలెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వంటి దానికి గోడమీది పట్టు ఏమాత్రమును అడ్డు కాదు. గోడయే నిలువనిచోట కాగితము నిలుచునా? భూమి దస్తావేజుల అసలు ప్రతులు బిగుతైన పెట్టెలోనే ఉండవలెను. నిత్యము కావలసిన కాగితములకే గోడ.

చిల్లు పొడువక పట్టుకొను ఉపాయమును స్ప్రింగు ఇచ్చినది. బట్టలు ఆరవేయు క్లిప్పును మీరెఱుగుదురు. రెండు చెక్కముక్కల నడుమ స్ప్రింగు పెట్టి చేసిన అట్టి క్లిప్పునకు అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రవాసియైన డేవిడ్ స్మిత్ 1853లో పేటెంటు పొందెను. కాగితముల విషయమున మరింత ముచ్చటైన కథ యొకటి కలదు. వాషింగ్టన్ నగరమున లూయీ బాల్ట్‌స్లీ అను యువకుడుండెను. అతని తండ్రి రచయిత. ఆ కాలమున వ్రాతప్రతులకు చిల్లులు పొడిచి దారముతో కుట్టెడివారు. నడుమ ఒక పుట చేర్చవలెనన్నను, తీయవలెనన్నను కుట్టంతయు విప్పవలసినదే. తండ్రి పడు ఈ ప్రయాసను చూచి కొడుకు 1910లో ఒక క్లిప్పును కనిపెట్టెను. 1915లో దానికి పేటెంటు లభించెను. నేడు కచేరీలన్నిటను కనబడు నల్లని ఉక్కు బైండరు క్లిప్పు అదియే. మన ఉత్తరముల తీగకును ఆ తండ్రి కుట్టునకును దోషమొక్కటియే అగుట చూడుడు.

స్ప్రింగు క్లిప్పు మంచిదే. కాని దానియందు ఒక లక్షణము కలదు. కాగితమును నీవు లాగినను లాగకున్నను అది ఒకే బలముతో నొక్కుచుండును. పలుచని కాగితమునకు ఆ నొక్కు ఎక్కువై ముద్రపడును. పెద్ద పటమునకు ఆ నొక్కు చాలక జారిపోవును. పైగా మన ప్రాంతపు గాలికి ఉక్కు వంపులోనే మొదట త్రుప్పు పుట్టును. కాగితము బరువునుబట్టి తన పట్టును తానే పెంచుకొను సాధనము దొరకదా?

దొరకును. అది గోలీసోడాలో ఉన్నది.

హిరామ్ కాడ్ అను ఆంగ్లేయుడు 1872లో పేటెంటు పొందిన సీసా అది. సీసా మెడలో గాజుగోలీ, మూతివద్ద రబ్బరు వలయము ఉండును. లోపలి వాయువు వెలుపలికి రావలెనని ఎంత త్రోయునో గోలీ అంత గట్టిగా వలయమునకు అదుముకొనును. అనగా పాఱిపోజూచు వాయువే తన తలుపును తానే మూసికొనుచున్నది. ఈ భావమును మనము కాగితమునకు అన్వయింపవలెను. క్రిందికి జారజూచు కాగితమే తన్ను పట్టుకొను గోలీని బిగించునట్లు చేసినచో మనకు స్ప్రింగుతో పని లేదు. ఇది వట్టి ఊహయు కాదు. వైద్యుని గదిలో వెలుగుపెట్టెపై ఎక్స్‌రే ఫిల్మును తగిలించుట మీరు చూచియుండవచ్చును. కొన్ని పెట్టెలయందు ఫిల్మును అంచు క్రిందనుండి పైకి త్రోసినంతనే అది నిలిచిపోవును. అందు దాగియున్నది దొర్లెడు చిన్న కడ్డీయో గుండో అయియుండును. పెద్ద హోటళ్ల వంటగదులలో, వడ్డించవలసిన వంటకముల చీటీలను నిలుపు పొడవైన పట్టీలు గూడ గోలీలతో పనిచేయునవి కలవు.

ఇక మన పట్టును చేయుదము. వెనుక ఒక పలక గోడవలె నిట్టనిలువుగా ఉండును. దాని యెదుట మరియొక పలక, పైని ఎడముగను క్రింద దగ్గరగను వాలియుండును. రెంటి నడుమ ఏర్పడు ఇఱుకు సందులో గోలీ కూర్చుండును. మీరాడు గాజుగోలీ అడ్డుకొలత సుమారు 16 మిల్లీమీటరు లనుకొందము. సందు పైభాగమున 20 మిల్లీమీటర్లు, క్రిందిభాగమున 12 మిల్లీమీటర్లు, ఎత్తు 40 మిల్లీమీటర్లు ఉండనిండు. క్రింది సందు గోలీకంటె చిన్నది గనుక గోలీ పడిపోదు. నడుమ ఒకచోట ఆగును. ఇప్పుడు గోలీకిని వెనుకపలకకును నడుమ క్రిందనుండి కాగితమును దూర్చుడు. గోలీ కొంచెము పైకి లేచి దారి యిచ్చును. కాగితమును విడువుడు. అది క్రిందికి జారబోవును. జారుచు గోలీని కూడ క్రిందికి, అనగా మరింత ఇఱుకైన చోటునకు, లాగును. గోలీ బిగియును. కాగితము నిలుచును. మీరు బలముగా క్రిందికి లాగినచో పట్టు మరింత బిగియునే గాని వదలదు. కడకు కాగితమే చినుగును.

వింత యేమనగా, 16 మిల్లీమీటర్ల గాజుగోలీ బరువును దాదాపు ఐదు గ్రాములే. కాగితమెంతయో గోలీయు అంతే. కావున బరువుచేత కాదు, వాలుచేత ఇది పట్టుచున్నది. ఆ వాలు ఎంత ఉండవలెనన్నదే ఈ రూపకల్పనలోని కీలకము, ఇచ్చట తొందరపడరాదు.

ముందుపలక మిక్కిలి వాలియున్నచో గోలీ బిగియదు, కాగితము జారును. వాలు మరీ తక్కువయైనచో గోలీ ఇఱుకున దిగబడి, తిరిగి లేవక మొరాయించును. నడుమనున్న హద్దును నిర్ణయించునది రాపిడి. దీనిని మీరే కొలువవచ్చును. మూడు గోలీలను మైనముతో ఒక అట్టముక్కకు ముక్కాలిపీట కాళ్లవలె అంటింపుడు. అంటించితిమి గనుక అవి దొర్లవు; జారుటకు మాత్రమే వీలుండును. ఒక పలకపై కాగితమును పఱచి, ఈ ముక్కాలిపీటను దానిమీద నుంచి, పలకను ఒకప్రక్క మెల్లగా ఎత్తుడు. ఎన్ని డిగ్రీల వాలునందు అది జారనారంభించునో కోణమానినితో చూడుడు. అటులే కాగితము లేని చెక్కమీద గూడ చూడుడు. రెంటిలో చిన్న కోణమును గ్రహింపుడు. మన సందు యొక్క కోణము దానికి రెట్టింపుకంటె తక్కువ ఉండవలెను. గోలీని రెండు ప్రక్కలనుండి రెండు పలకలును పట్టుచున్నవి గనుక, కోణమును చెరిసగముగా పంచుకొనును, అందుచేత రెట్టింపు.

మీ పరీక్షలో 15 డిగ్రీలు వచ్చినదనుకొనుడు. హద్దు 30 డిగ్రీలగును. అయినను హద్దునే పట్టుకొని చేయరాదు. ధూళి పేరుకొనును, చేతిచమురు అంటును, కాగితపు జాతులనుబట్టి నునుపు మారును. ఎక్స్‌రే ఫిల్మువంటి నున్నని వస్తువైనచో జాఱుడు మరింత ఎక్కువ. మనము పైన చెప్పిన కొలతలకు, 40 మిల్లీమీటర్ల ఎత్తులో 8 మిల్లీమీటర్ల తేడాకు, కోణము సుమారు 11 డిగ్రీలు వచ్చును. ఇది హద్దునకు ఎంతో లోపల నున్నది. మొరాయించునంత చిన్నదియు కాదు.

ఈ కొలతలనుండియే మరియొక లెక్క తేలును. సాధారణ కాగితము మందము మిల్లీమీటరులో పదవవంతు. ఒక్కొక్క కాగితమునకు గోలీ అర మిల్లీమీటరు పైకి లేచును. ఇరువది కాగితములకు 10 మిల్లీమీటర్లు లేచి, సందు పైకప్పును తాకబోవును. అంతకు మించి ఇది పట్టదు. నిజమునకు ఇరువదియు పెట్టకుండుటయే మేలు. ఏలనన, గోలీ మొదటి కాగితమును పట్టును. వెనుకపలక కడపటిదానిని పట్టును. నడుమనున్నవి ఒకదానినొకటి పట్టుకొని నిలువవలసినదే. కాగితముమీద కాగితము సులభముగా జారునని మీకు తెలియును. నడుమనున్నదానిని పట్టి లాగి చూచినచో ఈ లోపము తెల్లమగును. దళసరి కట్టలకు బాల్ట్‌స్లీగారి క్లిప్పే తగినది. ఐదారు కాగితములకు గోలీ తగినది.

ఏ చెక్క వాడవలెను? కొండపల్లి బొమ్మలు చేయు పొనికికఱ్ఱ తేలికయైనది, చెక్కుటకు అనువైనది, కాని మెత్తన. గోలీ నొక్కుడునకు కొంతకాలములో గుంటపడును. గుంటపడినచో వాలు చెడును. టేకు గాని, బాగుగా ఆరిన తుమ్మ గాని శ్రేష్ఠము. ఏ4 కాగితమునకు 24 సెంటీమీటర్ల పొడవుగల రెండు పలకలు చాలును. వాని పైఅంచుల నడుమ 20 మిల్లీమీటర్ల మందముగల బద్దను పెట్టి, దాని ముందుముఖమును వాలునకు తగినట్లు చిత్రికపట్టి, రెండు పలకలను ఆ బద్దకే బిగింపవలెను. ప్రక్కలు రెండును తెఱచియే ఉంచవలెను. అట్లుంచుటకు కారణము కలదు. కాగితమును తీయునప్పుడు క్రిందికి లాగినచో రాదని చెప్పితిమి గదా! దానిని వెండ్రుకవాసి పైకి త్రోసి, ప్రక్కకు జార్పవలెను. పైకి త్రోయగనే గోలీ బిగువు సడలును. ప్రక్కకు పోవుటలో బిగియుటకు ఇఱుకు లేదు. ఒక్కచేయి చాలును. ప్రక్కలు మూసిన పట్టులో ఈ సౌకర్యముండదు. పటములవంటి వెడల్పైనవియు పట్టవు.

గోలీ ఒక్కటియే యైనచో కాగితము దానిచుట్టును ఊగులాడును. కావున రెండు గోలీలుండవలెను, ఒకదానికొకటి 12 సెంటీమీటర్ల ఎడముతో. అవి దొర్లి ఒకచోటికి చేరకుండ, ప్రతిగోలీకి ఇరువైపుల ముందుపలకకు చిన్న చెక్కబిళ్ళలు అంటింపవలెను. ఆ బిళ్ళలు వెనుకపలకను తాకరాదు. 4 మిల్లీమీటర్ల ఎడమున్నచో కాగితము నిరాటంకముగా పోవును, గోలీ మాత్రము తప్పించుకొనలేదు. బడిలో గోడపటమునకై చేయుదురేని పలకల పొడవు పెంచి, మూడు నాలుగు గోలీలు పెట్టుడు. పటముల పైఅంచున మేకులు కొట్టి కొట్టి చినిగిన రంధ్రములు లేని పాఠశాల అరుదు. ఈ సాధనము ఇంటికంటెను బడికే ఎక్కువ అవసరమని నాకు తోచును.

గోడకు బిగించుటలో గూడ స్థలధర్మమును గమనింపవలెను. డెల్టాలోని ఇటుకగోడలు నేలనుండి తేమను పీల్చును. క్రిందిభాగమున సున్నము పొరలుగా రాలును. పట్టును నేలకు నాలుగడుగుల పైననే పెట్టవలెను. పలకకును గోడకును నడుమ వ్రేలెడు మందముగల రెండు చెక్కబిళ్ళలుంచినచో వెనుకనుండి గాలి పాఱును. కాగితము చెమ్మగోడకు అంటదు. మరలు ఇత్తడివి వాడుడు. ఖరీదు కొంచెమెక్కువైనను త్రుప్పుమరక ఉండదు. ఎండ నేరుగా పడు గోడయు, పొయ్యి ఎదుటి గోడయు పనికిరావు. గాలిపంకా క్రింద పెట్టినచో పెద్దపటము తెరచాపవలె గాలిని పట్టును గనుక, దాని క్రిందిఅంచున సన్నని వెదురుబద్దను అతికింపుడు. బద్ద బరువునకు పటము తిన్నగా వ్రేలును. ఆ బరువే గోలీలను మరింత బిగించును.

అంతయు ముగిసిన పిదప, విలువైన కాగితము పెట్టకముందు, ఒక పాత వార్తాపత్రిక పుటను తగిలించి దినమంతయు ఉంచి చూడుడు. జారినచో గోలీలను సబ్బునీటితో కడిగి ఆరబెట్టి మరల పెట్టుడు. తరచుగా తప్పు చేతిచమురుదే. అప్పటికిని జారినచో ముందుపలక క్రిందిఅంచును ఒక మిల్లీమీటరు వెలుపలికి జరుపుడు. సందు కోణము తగ్గును. రెండు మిల్లీమీటర్లకు మించి మాత్రము జరుపకుడు. సందు గోలీకంటె పెద్దదైనచో గోలీలు నేలమీద దొరకును.